ఆరో చెంచా

మేస్త్రికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు షెడ్డులో ఆయన గొంతు తగ్గేసరికి, పక్కన గేరుబాక్సు బోల్టులు తుడుస్తున్న కొడుకు చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నావమ్మాయ్?"

"నీలం ఎక్కువైంది మావయ్యా," అంది కోడలు మళ్ళీ, అదే నెమ్మదితో.

స్టాండు మీద బూడిదరంగు ప్రైమరు పూసిన ఇంజను సిద్ధంగా ఉంది. బల్ల మీద డబ్బాలో మేస్త్రి అప్పుడే కలిపిన రంగు. స్టూలు మీద కారు సొంతదారు లాయరుగారు, ఒళ్ళో ఆ కారు తాలూకు పాత పుస్తకం. యాభై ఐదేళ్ళ కారు అది. దాని ఇంజనుకి ఫ్యాక్టరీలో వేసిన రంగు ఆకుపచ్చ తిరిగిన బూడిద. ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. పుస్తకంలో బొమ్మ ఉంది కానీ, అచ్చులో పడ్డ రంగుని నమ్మి ఇంజనుకి పూసినవాడు ఇంతవరకూ బాగుపడలేదని మేస్త్రి సిద్ధాంతం.

కోడలు కొంగుకి చేతులు తుడుచుకుని ఒక అగ్గిపెట్టె తెరిచింది. లోపల గోరంత రంగు పెచ్చు.

"ఇంజను నంబరు ప్లేటు ఊడదీసినప్పుడు దాని కింద దొరికింది. మిగతా ఇంజనంతా వేడికీ నూనెకీ మాడిపోయింది కానీ, ఇది ప్లేటు చాటున అలాగే ఉంది. దీని పక్కన మీ రంగు పెట్టి చూడండి."

"చీకట్లో మగ్గిన ఎనామిల్ పసుపెక్కుతుంది. ఇన్నేళ్ళుగా నా దగ్గర పనిచేస్తూ ఆ మాత్రం నేర్చుకోలేదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. రంగు పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది.

"అందుకే వారం రోజులు వంటింటి కిటికీలో ఎండకి పెట్టాను. ఎక్కిన పసుపు ఎండకి వదిలిపోయింది. ఇప్పుడున్నది అసలు రంగే మావయ్యా."

మేస్త్రి పెచ్చుని చూశాడు. డబ్బాలో రంగుని చూశాడు. ఆయనకి రెంటికీ వెంట్రుకవాసి తేడా కనిపించలేదు. కనిపించని తేడాని పరాయి మనిషి ముందు పట్టి చూపిస్తోంది కోడలు. లాయరుగారి తల ఒకసారి పెచ్చు వైపూ ఒకసారి డబ్బా వైపూ తిరగడం చూశాక ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"ముప్ఫై ఏళ్ళు ఆ ఫ్యాక్టరీలో ఇదే రంగుని పాస్ చేసిన కళ్ళివి. రేపు ఆపరేషన్ అనేసరికి వీటికి విలువ పోయిందా? నాకు మసకేసింది దూరం చూపు. దగ్గరిది నిక్షేపంగా ఉంది." గొంతు ఇంకా తగ్గింది. "నీ కళ్ళే ఎవరికైనా చూపించుకో. చూపించుకుని వంటింట్లో ఉండు. ఇంక ఈ షెడ్డు గడప తొక్కకు."

 లాయరుగారు పుస్తకంలోకి తల దూర్చారు. కొడుకు తుడిచిన బోల్టునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఇంజన్ల మీది జిడ్డు గీకి, పాత రంగు వలిచి, కొత్త రంగు వడకట్టి ఇస్తూ ఆరేళ్ళుగా ఆ షెడ్డులో ఉన్న మనిషి అగ్గిపెట్టె మూసింది. రంగు వడకట్టే గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. పెరడు దాటి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మామూలుగా అయితే మేస్త్రి రంగు కలిపాక టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళేవాడు. కలిపిన రంగు పావుగంట కూర్చోవాలి, బుడగలు చావాలి, అప్పుడే స్ప్రే గన్ను పట్టాలి అనేవాడు. ఆ రోజు వెళ్ళలేదు. డబ్బా ముందు నుంచి కదలకుండా, కర్రతో తిప్పుతూ పావుగంట నిలబడ్డాడు. తరవాత గన్నులో పోసి మూడు పూతలు కొట్టాడు. గన్నులో మిగిలిన రంగుని ఒక అరచెయ్యంత రేకు ప్లేటు మీద కొట్టి, ప్లేటు వెనక తేదీ గీకి, తన బొటనవేలు రంగులో అద్ది పక్కనే నొక్కాడు. ఇంజను వెనకవైపు, గేరుబాక్సు బిగించాక మరి కనిపించని చోట, ఇంకో ముద్ర వేశాడు. ఫ్యాక్టరీలో రంగు పాస్ చేసిన మనిషి వేసే ముద్ర అది. ఫ్యాక్టరీ మూతపడ్డా ఆ ఆనవాయితీ మాత్రం మేస్త్రి వెంట షెడ్డుదాకా వచ్చింది.

"అద్భుతం మేస్త్రీ," అన్నారు లాయరుగారు. ఈ ఆదివారం కాక పై ఆదివారం పాత కార్ల ప్రదర్శన. దానికి ముందు గురువారం ఇంజను కారులోకి దించాలని అనుకున్నారు.

మర్నాడు కుడికన్నుకి ఆపరేషన్ జరిగింది. ఆ మర్నాడు కట్టు విప్పి, వారం రోజులు దుమ్ములోకీ థిన్నరు వాసనలోకీ వెళ్ళొద్దని, రోజుకి నాలుగుసార్లు చుక్కల మందు వేయాలని చెప్పి పంపారు. ఎడమకన్నుకి రెండు నెలలాగి చేస్తారట.

ఇంట్లో అడుగుపెడుతూనే మేస్త్రి గుమ్మంలో ఆగిపోయాడు.

"గోడలకి సున్నం ఎప్పుడు వేయించార్రా?"

కొడుకు నవ్వాడు. "ఏడేళ్ళయింది నాన్నా వేయించి. మీరే దగ్గరుండి వేయించారు."

ఆయన నవ్వలేదు. తెల్లటి గోడని చేత్తో తడిమాడు. మంచం మీద కూర్చుని కుడికన్ను మూశాడు. గోడ పాత గోడే, టీ మరక పడ్డ గుడ్డలా ఉంది. ఎడమకన్ను మూశాడు. తెల్లగా ఉంది. రెండు మూడుసార్లు అలా చేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని మానేశాడు.

కోడలు చుక్కల మందు తెచ్చింది. ఆమెని షెడ్డు గడప తొక్కొద్దని రెండు రోజులైంది. కాఫీ ఇవ్వడం, భోజనానికి పిలవడం, అన్నీ వేళకి జరుగుతున్నాయి. ఒక్క షెడ్డు ఊసే రావడం లేదు. "తల పైకెత్తండి," అంది. చల్లటి చేత్తో కింది రెప్ప పట్టి లాగి, ఒక చుక్క వేసింది. "రెండు నిమిషాలు మూసి ఉంచండి. నలపకండి." ఆయన చంటిపిల్లాడిలా మూసి ఉంచాడు. కన్ను తెరిచేసరికి ఆమె మందుసీసా మూత బిగిస్తోంది. ఆమె కట్టుకున్న చీర బూడిదరంగుదని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అది నీలం. అనుమానం లేని నీలం.

అప్పుడు మొదటిసారి ఆయనకి అగ్గిపెట్టెలోని పెచ్చు గుర్తొచ్చింది.

ఆదివారం సాయంత్రం లాయరుగారు పరామర్శకి వచ్చారు. టీలు వచ్చాయి. పంచదార కలుపుకోవడానికి చెంచాలు తలా ఒకటి వేస్తూ, "ఈ సెట్టులో ఆరు చెంచాలుండాలి, ఐదే కనిపిస్తాయేంటి ఎప్పుడూ?" అన్నాడు కొడుకు.

"ఎప్పుడో పోయింది," అంది కోడలు, వంటింట్లోంచే.

"మీ ఇంజను ఫొటో తీసి మా వాళ్ళందరికీ పంపాను మేస్త్రీ," అన్నారు లాయరుగారు. "ఇంత కచ్చితంగా రంగు కుదిర్చేవాళ్ళు ఇంకా ఉన్నారా అని ఒకటే పొగడ్తలు."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. పొగడ్త వింటే మీసం దువ్వే మనిషి, ఆ రోజు మూతి తుడుచుకున్నాడంతే.

సోమవారం మధ్యాహ్నం కొడుకు గాస్కెట్ కొనడానికి బజారుకి వెళ్ళాడు. కోడలు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. మేస్త్రి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పెరడు దాటి, సొంత షెడ్డులోకి దొంగలా వెళ్ళాడు. ఇంజను మీద కప్పిన దుప్పటి ఎత్తి, కళ్ళద్దాలు తీశాడు.

ఇంజను నీలంగా ఉంది.

వీధిలో పోయేవాడికి తెలిసేంత కాదు. లాయరుగారికి తెలిసేంత కూడా కాదు. కానీ ఆ రంగుని రోజుకి నలభై ఇంజన్ల చొప్పున పాస్ చేసిన మనిషికి అది చెంపదెబ్బంత స్పష్టంగా తెలిసింది. ఫ్యాక్టరీలో అయితే ఈ ఇంజనుని వెనక్కి పంపి, కలిపినవాణ్ణి పిలిపించేవాడు. మేస్త్రి కుడికన్ను మూసి ఎడమకన్నుతో చూశాడు. అదే ఇంజను చక్కగా, తనకి గుర్తున్న రంగులోనే, ఒద్దికగా నిలబడి ఉంది. కన్ను ఇన్నాళ్ళూ ఎంత తీయగా అబద్ధం చెప్పిందో ఆయనకి అప్పుడు తెలిసింది.

వెంటనే ఒక భయం పుట్టుకొచ్చింది. శుక్లం ఒక్క రోజులో ముదరదు. రెండేళ్ళుగా ఇదే కన్ను. ఈ రెండేళ్ళలో తొమ్మిది ఇంజన్లు బయటికి వెళ్ళాయి. తొమ్మిదీ ఇంతేనా?

గోడకి కట్టిన తీగ మీద ఆ తొమ్మిది ఇంజన్ల ప్లేట్లూ వరుసగా వేలాడుతున్నాయి. కొన్ని ఈ బూడిదాకుపచ్చవే, కొన్ని ముదురాకుపచ్చ, రెండు ఇటుకరంగు. అన్నీ ఇంజనుకి కొట్టిన డబ్బాలోంచే కొట్టినవి. దించడానికి చెయ్యి రాలేదు. చివరికి ఒక్కొక్కటే దించి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతుర్లో పట్టుకుని చూశాడు. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. మూడోది, నాలుగోది. తొమ్మిదో ప్లేటు దాకా ఒక్కదాంట్లోనూ వంక లేదు. యువకుడిగా ఉన్నప్పుడు తను పాస్ చేసిన రంగులే అవి.

ముందు గుండె తేలికపడింది. పోయిన పరువు తిరిగొచ్చినట్టు ఆయన స్టూలు మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. రెండో ఊపిరికే అనుమానం తగిలింది. అదే కన్ను, అదే చెయ్యి, అదే పాళ్ళు. తొమ్మిది కుదిరి పదోది ఎలా చెడింది?

రంగుల అరలో తెలుపు, నలుపు, ఆకుపచ్చ, నీలం డబ్బాలు ముందు వరుసలో ఉన్నాయి. వెనక వరుసలో పసుపు డబ్బా. ఆయన పాళ్ళలో పసుపు నామమాత్రం. కిందటేడు కొన్న డబ్బా నిండుగా ఉండాలి. ఎత్తి చూస్తే దూదిలా లేచింది. దాని వెనక, గోడకి ఆనించి, పాత గుడ్డలో చుట్టి ఒక చెంచా ఉంది. వంటింటి చెంచా. కాడ మీద చిన్న పువ్వు చెక్కి ఉంది. చెంచా గుంటలో పసుపు రంగు పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది.

మేస్త్రి ఆ చెంచాని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తను టీకి వెళ్ళిన పావుగంటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తిరిగొచ్చేసరికి కోడలు డబ్బా పక్కన గుడ్డ మడతపెడుతూ కనిపించేది. "బుడగలు చచ్చాయి మావయ్యా, కొట్టండి," అనేది. ఆమె కలిపిన పసుపు ఆయన కంటికి కనిపించేది కాదు. ప్లేట్లు తిరగేశాడు. తొమ్మిదింటి వెనకా తన బొటనవేలే.

ఆ సాయంత్రం చుక్కల మందు వేళకి ఆయన చెంచాని దిండు పక్కన పెట్టుకుని ఉన్నాడు. కోడలు చూసింది. చూసి, ఎప్పటిలాగే, "తల పైకెత్తండి," అంది.

చుక్క పడింది. ఆయన కన్ను మూసుకున్నాడు. మూసిన కన్నుతో మాట్లాడటమే నయమనిపించింది.

"ఎన్నాళ్ళనించి?"

"ఇరవై రెండు నెలలు."

"చెప్పొచ్చుగా అమ్మా."

"ఒకసారి చెప్పాను కదా మావయ్యా," అంది కోడలు. "అందరి ముందూ. ఏమైందో చూశారుగా."

 మందుసీసా మూత బిగిస్తున్న చప్పుడు వినిపించింది. ఆమే మళ్ళీ అంది: "మొదట్లో చెప్పబోయాను. మీరు ఆ పూట ప్లేటు పట్టుకుని ఎంతో మురిసిపోతున్నారు. నోరు రాలేదు. రంగు కుదిరితే చాలు, ఎవరు కుదిర్చితే ఏమిటి అనుకున్నాను. మొన్న లాయరుగారు కూర్చుని ఉన్నారు, మీరు టీకి వెళ్ళేలా లేరు. ఇంకేం చెయ్యను? చెడిన రంగు మీ పేరు మీద బయటికి పోనివ్వలేకపోయాను."

రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఆయన కన్ను తెరవలేదు. మూసిన రెప్ప కిందినుంచి నీళ్ళు కారుతుంటే, మందు కారుతోందనుకుని ఆమె దూది తెచ్చి తుడిచింది. అది మందు కాదని తుడిచేటప్పుడే ఆమెకి తెలిసింది.

ఆమె వెళ్ళాక కొడుకుని పిలిచాడు.

"నీకు తెలుసా?"

"రంగు సంగతి తెలుసు నాన్నా. చెంచా సంగతే తెలీదు."

"మరి ఆ రోజు పెళ్ళాం తరపున నోరెందుకు విప్పలేదురా?"

"మీ ఎదుటా?" అన్నాడు కొడుకు, తల వంచుకుని. ఆ ఒక్కమాటలో ఇంటి సంగతి మొత్తం ఉంది.

మంగళ, బుధవారాలు మేస్త్రి మంచం మీదే గడిపాడు. పీకల్లోతు ఆలోచన. గురువారం ఇంజను కారులోకి దిగిపోతుంది. బానెట్ మూస్తే చీకటి. నాలుగు నెలలు నడిస్తే వేడికి ఏ రంగైనా మాడి ఒకటే అవుతుంది. లాయరుగారు సంతోషంగా ఉన్నారు. కోడలు నోరు విప్పే మనిషి కాదని తొమ్మిది ప్లేట్లు సాక్ష్యం చెబుతున్నాయి. ఇంట్లో ఆమెని పిలిచి, 'పోన్లే అమ్మా, రేపట్నుంచి షెడ్డుకి రా' అంటే సరిపోతుంది. గుట్టు గుట్టుగానే ఉంటుంది. పెద్దరికం పెద్దరికంగానే ఉంటుంది. బుధవారం రాత్రి భోజనానికి లేచేదాకా ఆయన ఆ దారినే అటూ ఇటూ నడిచాడు. కంచం ముందు కూర్చున్నప్పుడు కోడలు నీళ్ళ గ్లాసు పెట్టి, ఎప్పటిలా పక్కకి తప్పుకుంది. తిట్టింది పదిమందిలో, బుజ్జగించేది నాలుగు గోడల మధ్యా అని తనలో తనే అనుకున్నాడు. సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

గురువారం పొద్దున్న చైను కప్పీకి ఇంజనుని తగిలించి, కొడుకు గొలుసు లాగడానికి సిద్ధమయ్యాడు. లాయరుగారు కెమెరా పట్టుకుని నిలబడ్డారు.

"ఆపు," అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి. నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "రంగు తప్పు. నీలం ఎక్కువైంది."

లాయరుగారు కెమెరా దించారు. "నాకు బాగానే ఉంది కదా మేస్త్రీ."

"మీకు బాగానే ఉంటుంది. మొన్నటిదాకా నాకూ బాగానే ఉంది." తీగ మీంచి రెండు ప్లేట్లు దించాడు, కిందటి బూడిదాకుపచ్చదీ ఈ ఇంజనుదీ. వాటిని పక్కపక్కన పట్టుకుని కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు. "ఈ పాత కంటికి రెండూ ఒకటే. ఇదే కంటితో మీ ఇంజను కలిపాను. ఇదే కంటిని నమ్ముకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పిన పిల్లని మీ ఎదుట నానా మాటలూ అన్నాను. ఈ రెండేళ్ళూ ఈ షెడ్డులోంచి వెళ్ళిన ప్రతి ఇంజను రంగూ మా కోడలు కుదిర్చింది. ముద్ర మాత్రం నేను వేసుకున్నాను. నాకు తెలియదు లెండి. తెలియకపోయినా వేసుకున్నది నేనే."

అంత పొడుగు మాట ఆయన షెడ్డులో ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు తగ్గలేదు, పెరగలేదు.

"మళ్ళీ వేస్తే ఆదివారానికి ఆరుతుందా?" అన్నారు లాయరుగారు.

"ఆరదు."

లాయరుగారు కాసేపు ఇంజను చుట్టూ తిరిగారు. ఏడాదిగా ఆ ఆదివారం కోసం చూస్తున్న మనిషి. మొహం వాడింది. "నీలమని ఎవరూ కనిపెట్టరు మేస్త్రీ," అన్నారు, చివరి ప్రయత్నంగా.

"ఒకరు కనిపెట్టారుగా," అన్నాడు మేస్త్రి.

కొడుకు అప్పటికే పెరట్లోకి వెళ్ళి భార్యని పిలుచుకొచ్చాడు. ఆమె గడప బయట ఆగింది. అందరూ చూస్తున్నా ఆగింది. మేస్త్రికి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది.

"లోపలికి రామ్మా," అన్నాడు. "తొక్కొద్దన్నది నేనే. తొక్కమంటున్నదీ నేనే."

ఆమె లోపలికి వచ్చింది. లాయరుగారు ఆమెని చూసి ఏదో అనబోయి, పుస్తకం చంకలో సర్దుకున్నారు. "ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నానమ్మా. పెచ్చు తేడా నాకూ కనిపించినట్టే అనిపించింది. ఎందుకొచ్చిందిలే అని ఊరుకున్నాను," అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

ఆ పూటంతా కొడుకూ కోడలూ ఇంజనుని సన్నటి ఉప్పుకాగితంతో, నీళ్ళు పోస్తూ రుద్దారు. నీలం నీళ్ళు నేలమీద కారి తూములోకి పోయాయి. ఇంజను వెనకవైపు ముద్రని మాత్రం మేస్త్రి తనే థిన్నరు గుడ్డతో తుడిచాడు. డాక్టరు వద్దన్నాడని కొడుకు గొణిగితే, "ఈ ఒక్కటీ నన్ను చెయ్యనీరా," అన్నాడు.

నాలుగింటికి రంగు కలిపాడు. తెలుపు, నలుపు, ఆకుపచ్చ, చిటికెడు నీలం. ఎప్పటి పాళ్ళే, ఎప్పటి వరసే. కర్రతో తిప్పి, డబ్బా అంచుకి కర్ర గీసి, చేతులు తుడుచుకున్నాడు. జేబులోంచి చెంచా తీసి డబ్బా పక్కన పెట్టాడు.

"నేను టీ తాగొస్తా," అని లేచాడు.

"కూర్చోండి మావయ్యా," అంది కోడలు. "ఈసారి మీరు చూస్తుండగానే వేస్తాను."

ఆయన కూర్చున్నాడు.

ఆమె అగ్గిపెట్టెలోని పెచ్చుని ప్లేటు మీద పెట్టుకుంది. పసుపు డబ్బా మూత తీసి ఒక చెంచా వేసింది. తిప్పింది. కర్ర ఎత్తి, కారుతున్న చుక్కని పెచ్చు పక్కన పట్టి చూసింది. రెండో చెంచా వేసింది. మేస్త్రి ఆమె కర్ర ఎత్తిన ప్రతిసారీ మెడ చాచాడు. ఒకసారి కొత్తకన్ను మూసుకుని పాతకన్నుతో చూశాడు. డబ్బాలో ఏ మార్పూ లేదు. మొదట కలిపినదే, తను కలిపినదే ఉంది. అంత దగ్గరగా జరుగుతున్నది ఆ కంటికి జరగనట్టే ఉంది.

"చాలామ్మా?" అని అడిగాడు. ఆ షెడ్డులో ఆ మాట ఇన్నాళ్ళూ అందరూ ఆయన్ని అడిగేవాళ్ళు.

"ఇంకో అర," అంది.

అర చెంచా పడ్డాక ఆయన కొత్తకన్ను తెరిచాడు. ఫ్యాక్టరీలో ఇంజన్లు వరసకట్టి వచ్చే రంగు డబ్బా నిండా ఉంది. చుక్క పెచ్చు మీద పడితే ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"గన్ను నువ్వే పట్టు," అన్నాడు. "నన్ను డాక్టరు వద్దన్నాడు."

డాక్టరు వద్దన్నమాట నిజమే. ఆమె మొదటి పూత కొంచెం బెదురుగా, రెండోది నిలకడగా, మూడోది ఆయన కొట్టినంత సాఫీగా కొట్టింది. మిగిలిన రంగుని రేకు ప్లేటు మీద కొట్టింది. మేస్త్రి ప్లేటు వెనక తేదీ గీకాడు. అలవాటుకొద్దీ బొటనవేలు డబ్బా అంచుదాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుని ప్లేటుని ఆమె ముందుకి జరిపాడు.

ఆమె వెంటనే వెయ్యలేదు. ఆయన మొహంలోకి చూసింది. తరవాత వేలు అద్ది ప్లేటు వెనక నొక్కింది. ఇంజను వెనక్కి వెళ్ళి, తుడిచిన చోటే ఇంకోటి నొక్కింది. ఆయన ముద్ర కంటే చిన్నది. రంగు ఆరాక దాని మీదికి గేరుబాక్సు వస్తుంది, ఇంక అది ఎవరికీ కనిపించదు.

మేస్త్రి పాడైన ప్లేటుని పడెయ్యలేదు. తొమ్మిదింటి తరవాత దాన్నీ తీగకి తగిలించి, దాని పక్కన కొత్తది తగిలించాడు.

పొద్దుపోయాక ఇంట్లో టీలు వచ్చాయి. సెట్టులో చెంచా ఒకటి ఇంకా తక్కువే. ఎక్కడుందని ఎవరూ అడగలేదు.